అంతరాయం గడి

సోమవారం

ఆట: లేదు. బొమ్మ: లేదు. అంతరాయం: పొద్దున్నుంచీ.

ఈ రిజిస్టరు సినిమా హాలుది. రెండేళ్ళ కిందట హాలు మూసేసిన రోజు ఇందులో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. సంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. దొంగతనమైతే అయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా రోజుకి నాలుగాటలూ రాసిన చెయ్యి ఊరికే ఉండమంటే ఉంటుందా? ప్రతి ఆటకీ ఒక వరస, వరసకి నాలుగు గళ్ళు. తేదీ, ఆట, బొమ్మ, అంతరాయం. రీలు తెగినా, దీపం ఆరినా, తెర మీద ఎవడి నీడైనా పడినా ఆఖరి గడిలో ఎక్కించాలి. పక్కనే ‘తొలగించాను’ అని రాయాలి. నా పేజీల్లో ఆ గడి నిండా ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’. ఎప్పుడైనా ఒకటి వచ్చినా తొలగించకుండా వదిలింది లేదు. ఒక్క ఆట ఎగ్గొట్టింది లేదు. జ్వరంలో కూడా.

ఇవాళ అటక మీంచి ప్రొజెక్టర్ దించాను. హాలు ఓనరు చివరి రోజున ఇచ్చిన బహుమతి. చెప్పుల పెట్టెంత ఉంది. మనిషెత్తు మెషీన్లు తిప్పినవాడి చేతిలో ఈ ఆటవస్తువు పెట్టి, “ఇంట్లో కాలు మీద కాలేసుకుని చూసుకోవయ్యా” అన్నాడు పెద్దమనిషి. అప్పుడే నెత్తిన కొట్టాల్సింది. రెండేళ్ళు విప్పను కూడా లేదు.

ఇప్పుడెందుకు విప్పానంటే, టీవీ పాడైంది. ఎలా పాడైందన్నది ఇక్కడ అనవసరం. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి అమ్మాయి పోటీ ఉంది. బరువులెత్తే పోటీ. భుజం అరిగిపోయిందట, ఇదే ఆఖరిసారి అని చెప్పేసిందట. నాతో కాదు, వాళ్ళమ్మతో. మా ఆవిడకేమో చూపు మధ్యలో మసక మచ్చ. మనిషి గోడంత ఉంటే తప్ప మొహం ఆనదు. చుట్టాలింట్లో చిన్న టీవీలో చూస్తే కూతురెవరో, పక్కన నిలబడ్డ మనిషెవరో తెలియదు.

కాబట్టి ఇది ఆవిడ కళ్ళ కోసం. నేను చూడ్డానికి కాదు. ఆ ముక్క మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మంగళవారం

డిష్ వైరు మా ఇంటి హాల్లో కిటికీలోంచి వస్తుంది. సెట్‌టాప్ బాక్సు అక్కడే. దాని పక్కన స్టూలు వేసి, దాని మీద ఈ చెప్పుల పెట్టె పెట్టి, దాంతో పాటు వచ్చిన మూరెడు వైరు రెండింటికీ తగిలించాను. స్విచ్చేస్తే గోడంతా నీలం. మధ్యలో ‘సిగ్నల్ లేదు’.

“ఏమొచ్చిందండీ?” అంది మా ఆవిడ.

“నా మొహం వచ్చింది.”

గంట. వైరు పీకాను, పెట్టాను, ఊదాను, తుడిచాను. సెట్‌టాప్ బాక్సు నెత్తిన ఒకటిచ్చాను. సిగ్నల్ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. రీలైతే ఎక్కడ తెగిందో కంటికి కనిపిస్తుంది, అతికిస్తాం. ఇందులో ఏముంది అతికించడానికి?

ఆవిడ లేచి వచ్చి ప్రొజెక్టర్ వెనక వేళ్ళతో తడిమింది. “ఇక్కడ ఒకే మూతి ఉన్నవి రెండున్నాయండీ. వైరు రెండోదాంట్లో ఉంది. దాన్ని మీరు మొదటిదాంట్లో చూడమంటున్నారేమో.”

“రెండూ ఒకటే కదే!”

“ఒకటే అయితే రెండెందుకు పెడతాడు?”

రిమోట్ తీసుకున్నాను. దాని వెనక మూత పోయింది, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అదెలా పోయిందన్నదీ ఇక్కడ అనవసరం. రెండోదానికి మార్చాను. వార్తలు చదివేవాడు గోడంత ప్రత్యక్షమయ్యాడు.

“అయ్యో, కళ్ళజోడు పెట్టుకున్నాడండీ!” అంది ఆవిడ. చిన్నపిల్లలా నవ్వింది. ఆ కళ్ళజోడు ముట్టుకుందామన్నట్టు గోడ వైపు నడిచింది. తెర మీద ఆవిడ నీడ ఇంత పొడుగున లేచింది.

“పక్కకి జరుగు!” అని అరిచాను.

సినిమా హాల్లో రెండో తరగతి వరసల మీద అరిచినట్టే అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి, స్టూలుకి కాలు తగిలి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. నీడ పడితే నోరు దానంతటదే లేస్తుంది. తప్పు స్టూలుది. జనం మధ్యలో ప్రొజెక్టర్ పెడితే అడ్డు రాక ఏం చేస్తారు? బొమ్మ వెనకనుంచి, పైనుంచి పడాలి. ఇలా వేస్తే దాన్ని బొమ్మ అనరు, టార్చిలైటు అంటారు.

“ఇలాగే ఉంచండి, బాగానే ఉందిగా” అంది.

నీకేం తెలుసన్నాను. ఆ మూరెడు వైరు సొరుగులో పడేశాను.

బుధవారం

హాలుకీ పడగ్గదికీ మధ్య గోడకి రంధ్రం కొట్టడం మొదలుపెట్టాను. మనిషి తలకి పైన, జానెడు పొడవు, బెత్తెడు ఎత్తు. సినిమా హాలు ప్రొజెక్టర్ క్యాబిన్‌కి ఉండే కిటికీ కొలతే. వెనక బీరువా మీద ప్రొజెక్టర్, రంధ్రంలోంచి వెలుతురు, ఎదురు గోడ మీద బొమ్మ. పద్ధతంటే అదీ.

“గోడేం చేసిందండీ మిమ్మల్ని?” అంది ఆవిడ, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని.

ఉలి మీద దెబ్బ వేసినప్పుడల్లా అమ్మాయి అన్న మాటే చెవిలో మోగింది. పోయిన గురువారం టీవీ ఇంటర్వ్యూలో అడిగారు దాన్ని, మీ పోటీలకి ఇంట్లోవాళ్ళు వచ్చేవారా అని. నవ్వుతూ చెప్పింది. “అమ్మ వచ్చేది. నాన్న ఎప్పుడూ రాలేదు. ఆయనకి షో ఉండేది.”

నవ్వుతూ! లోకమంతా చూస్తుండగా!

షో ఉండేది మరి. నేను రాకపోతే ఎవడు తిప్పుతాడు? ఆ షోలతోనే కదా ఇది తిన్నదీ, చదివిందీ, బూట్లు కొనుక్కున్నదీ? పన్నెండేళ్ళప్పుడు రీలు పెట్టెలు భుజానెత్తుకుని ఇరవై రెండు మెట్లెక్కి క్యాబిన్‌లోకి తెచ్చేది. మోయమని నేనడగలేదు. అదే ఎగబడేది. ఆ భుజం ఎక్కడ తయారైందనుకుంటోంది? చెప్పాలిగా ఆ ముక్క! చెప్పలేదు.

అప్పుడే టీవీ పడిపోయింది. స్టాండు వదులుగా ఉంది.

గురువారం

చేతికి బొబ్బలు. రంధ్రం అయింది.

పదిహేను మీటర్ల వైరు తెచ్చాను. కప్పు వెంబడి మేకులు కొట్టి సెట్‌టాప్ బాక్సు నుంచి బీరువా మీదికి లాగాను. ప్రొజెక్టర్ వెలిగింది. రంధ్రంలోంచి వెలుతురు హాల్లోకి పడుతుంటే, అబద్ధమెందుకు, ఒళ్ళు ఝల్లుమంది. అందులో దుమ్ము రేణువులు కూడా అలాగే తేలుతున్నాయి.

సిగ్నల్ లేదు.

తర్వాత వచ్చింది. బొమ్మ నిండా తెల్లచుక్కలు. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. పైగా స్పీకరు ప్రొజెక్టర్ లోపలే ఉంది కదా, బొమ్మ హాల్లో, మాట పడగ్గదిలో. వంటల మనిషి హాల్లో నోరాడిస్తుంటే మంచం మీదినుంచి వినిపిస్తోంది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వే.

అటక మీదున్న పాత ఆంప్లిఫయర్ కిందికి దించి, సెట్‌టాప్ బాక్సు ఎర్ర తెల్ల సాకెట్లనుంచి దానికి వైర్లు కలిపాను. మాట హాల్లోకి వచ్చింది. ఆ పని ఎవడూ నాకు నేర్పక్కర్లేదు.

తెల్లచుక్కలు అలాగే ఉన్నాయి.

శుక్రవారం

మా బామ్మర్ది వచ్చాడు. డిష్‌లు బిగించేవాడు. నేను పిలవలేదు, వాళ్ళక్క పిలిచింది. గుమ్మంలోనే ఆగి గోడకేసి చూశాడు.

“ఏంటి బావా, ఇంట్లో పందికొక్కు పడిందా?”

వైరు చేత్తో పట్టుకుని చివరిదాకా నడిచాడు. “ఈ వైరు ఇంత దూరం మొయ్యలేదు బావా. చివరికొచ్చేసరికి సిగ్నల్ నీరసపడిపోతుంది. అందుకే చుక్కలు. ప్రొజెక్టర్ కిందికి తెచ్చి పెట్టెలోది చిన్న వైరు పెట్టుకో, రెండు నిమిషాల పని.”

“నీడ పడుతుంది.”

“ఎవరి నీడ? ఉన్నది మీరిద్దరేగా!”

“ప్రొజెక్టర్ వెనకే ఉండాలి. నువ్వు పుట్టకముందునుంచీ వెనకే ఉంది.”

“సరే, సెట్‌టాప్ బాక్సుని కూడా నీ బొరియ దగ్గరే పెడదాం. పైనుంచి పడగ్గదికి కొత్త డిష్ వైరు లాగాలి. సోమవారం తెస్తాను.”

“ఆదివారం పోటీ పెట్టుకుని సోమవారం తెస్తావా? దేనికి, దండ వెయ్యడానికా?”

“అయితే కిందికి దించు. ఆ బొరియ పూడ్పించు.”

బొరియ అన్నాడు. రెండుసార్లు. నేను నోరు పారేసుకున్నాను. గొడుగులు బోర్లించి గోడకి కొట్టే పనిని పనంటారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు చెప్పులేసుకుని, “అక్కా, నీ ఓపికకి దండం” అని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక వైరు కొస ఒక వంపులో పెట్టి దారంతో కట్టాను. గంటసేపు కదలకుండా నిలిచింది బొమ్మ. గంటసేపు! ఒక్క చుక్క లేదు. గడియారం పెట్టుకుని చూశాను.

కుదిరింది. వాడి మొహాన కొట్టినట్టు కుదిరింది.

శనివారం

పొద్దున ఇరవై నిమిషాలు నిలిచింది. దారం ఇంకోచోట కట్టాను.

మధ్యాహ్నం పది నిమిషాలు.

కుదిరిందనే రాస్తున్నాను.

శనివారం, మళ్ళీ

ఆవిడ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, మాట పెట్టలేదు. చివరికి నేనే, “ఏమైంది ఇప్పుడు?” అన్నాను.

“రేపు నేను తమ్ముడింటికి వెళ్తానండీ.”

“అక్కడ నీకేం కనిపిస్తుంది?”

“వినిపిస్తుంది. ఎత్తితే చెప్పమంటాను. ఇక్కడ నీలం గోడ ముందు కూర్చుని మీ తిట్లు వినే బదులు.”

“స్టాండు వదులుగా ఉంది కాబట్టి ఇదంతా. టీవీ పడకపోతే...”

“స్టాండు!” అంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు అలా వినలేదు. “చూపు తక్కువైంది గానీ నాకు చెవుడు లేదండీ. ఆ రోజు చప్పుడు నేను విన్నాను. ముందు మీ చెయ్యి గాలిని కోసిన చప్పుడు, తర్వాత అద్దం.”

సరే. రాస్తున్నాను. రిమోట్ నేనే విసిరాను. అది ‘షో ఉండేది’ అని నవ్విన మొహం మీదికే విసిరాను. సరిగ్గా తగిలింది. గురి బాగానే ఉంది వెధవకి.

వెళ్ళొద్దన్నాను. రేపు బొమ్మ నిలుస్తుందన్నాను. నా మాట నమ్మమన్నాను. ఆవిడ సొరుగు తెరిచి ఏదో వెతుక్కుని మూసేసింది.

వెళ్ళలేదు. ఇక్కడే ఉంటుందట.

ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండింటికే కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టాను. హాలు చీకటైంది. ఆవిడకి మధ్యలో కుర్చీ వేశాను. నేను పడగ్గదిలో, బీరువా పక్కన ఎత్తుపీట మీద, రంధ్రం దగ్గర కన్ను పెట్టి.

రెండున్నరకి మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది. ఆరుగురు ఎత్తారు, దించారు. ఒక్కొక్కరికి ఆరు ప్రయత్నాలు. మొదటి మూడూ ఒక్క ఊపులో తల మీదికి లేపేవి. తర్వాతి మూడూ ముందు భుజాల మీదికి, అక్కడినుంచి పైకి. పక్కన కూర్చున్న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే ఎత్తినట్టు.

అమ్మాయి వచ్చింది. గోడంత అమ్మాయి. చేతులకి తెల్లపొడి రుద్దుకుంటోంది.

“వచ్చిందండీ! జడ కత్తిరించేసుకుందేంటి!” అంది ఆవిడ.

అది వంగి కడ్డీ పట్టుకుంది. ఒక చుక్క. రెండు చుక్కలు. గోడంతా చుక్కలు. నీలం.

సిగ్నల్ లేదు.

వైరు ఊపాను. దారం బిగించాను, విప్పాను. ఆంప్లిఫయర్‌లోంచి మాత్రం జనం కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. ఎత్తిందో దించిందో తెలియదు. బొమ్మ రెండు క్షణాలు వచ్చింది, ఎవరో వేరే మనిషి, పోయింది. నేను తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో రాయను. ఓనర్ని తిట్టాను, బామ్మర్దిని తిట్టాను, వైరు చేసినవాడి ఏడు తరాలనీ తిట్టాను. అమ్మాయి రెండో ప్రయత్నం చూడకుండానే పోయింది. మూడోది, నాలుగోది, ఐదోది కూడా అలాగే పోయాయి. బీరువాని పిడికిలితో గుద్దాను. బొబ్బ చితికింది.

రంధ్రంలోంచి చూస్తే ఆవిడ నీలం వెలుతురులో కదలకుండా కూర్చుని ఉంది. అరవలేదు, ఏడవలేదు. ఒళ్ళో ఏదో పట్టుకుని ఉంది.

“ఏమండీ” అంది, గోడకేసే చూస్తూ. “చిన్న వైరు నా దగ్గరుంది.”

నిన్న సొరుగులోంచి తీసింది అదే. మూరెడు వైరు చుట్టచుట్టి రోజంతా చేతిలో పట్టుకుని కూర్చుంది.

“నీడ పడుతుందే” అన్నాను. ఆ క్షణంలో కూడా అదే అన్నాను, సిగ్గులేకుండా.

“పడనివ్వండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు వెనకే ఉన్నారు. ఒక్కసారి ముందుకి రండి.”

బీరువా మీంచి ప్రొజెక్టర్ పీకి సంకలో పెట్టుకుని పరిగెత్తాను. స్టూలు లాగాను. వైరు పెట్టాల్సిన మూతి చీకట్లో నాకు దొరకలేదు. ఆవిడే తడిమి పెట్టింది, రెండో సాకెట్‌లో. ముందుకాళ్ళ కింద ఎత్తు పెట్టడానికి ఏమీ దొరక్క ఈ రిజిస్టరే దూర్చాను. బొమ్మ వంకరగా పడింది. ఒక మూల కిటికీ దుప్పటి మీదికి వెళ్ళిపోయింది. ఇలాంటి బొమ్మ వేస్తే సినిమా హాల్లో కుర్చీలు విరిగేవి.

కానీ నిలిచింది. ఒక్క చుక్క లేదు.

అప్పటికి అమ్మాయికి ఒకే ఒక్క ప్రయత్నం మిగిలింది. ఇది ఎత్తితే మూడో స్థానం. లేకపోతే ఏమీ లేదు.

నేను నేల మీద, స్టూలు పక్కన కూర్చున్నాను. ఎదురుగా మా అమ్మాయి. నా ఉద్యోగమంతా నేను తెర మీద చూసింది కుడిపక్క పై మూల. రీలు మారే ముందు అక్కడ చుక్క పడుతుంది, ఆ చుక్క పడగానే రెండో మెషీను అందుకోవాలి. మొహాలు చూడ్డానికి తీరికెక్కడ? ఇవాళ మూలలో ఏ చుక్కా లేదు. కళ్ళకి వేరే పని లేక మొహం చూశాను. కింది పెదవి ఎడమవైపు కొరుక్కుంటోంది. మెట్ల మీద రీలు పెట్టెతో ఎక్కేటప్పుడు అచ్చం అలాగే కొరుక్కునేది. పైకొచ్చి పెట్టె దించి నా మొహంలోకి చూసేది. నేను, “నెమ్మదిగా పెట్టు, డబ్బా సొట్టపడుద్ది” అనేవాణ్ణి. ఒక్కసారైనా శభాష్ అనలేదు. ఒక్కసారి!

కడ్డీ భుజాల మీదికి లేపింది. లేచి నిలబడలేక అరుస్తోంది. ఆవిడ కుర్చీలోంచి లేచింది. గోడ దగ్గరికి నడిచింది. నడిచి, సరిగ్గా బొమ్మ మధ్యలో, చెయ్యి చాచి గోడకి ఆనించి నిలబడింది. నీడ పడింది. అమ్మాయి నడుం కనబడలేదు, ఒక మోకాలు కనబడలేదు. ఎడమ భుజం, కడ్డీ, ఆ కొరుక్కున్న పెదవి వాళ్ళమ్మ వీపు మీద పడ్డాయి.

నా నోరు తెరుచుకుంది. గొంతులోకి వచ్చేసింది కూడా.

మూసుకున్నాను.

అమ్మాయి ఎలాగో లేచి నిలబడి, మోకాళ్ళు వంచి ఒక్క తోపు తోసింది. చేతులు నిటారుగా లేచాయి. అరిగిపోయిన ఆ భుజం ఆవిడ వీపు మీద వణుకుతూ నిలిచింది. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడు దీపాల్లో రెండు తెల్లగా వెలిగాయి.

“ఎత్తిందాండీ? చెప్పండి, ఎత్తిందా?”

“ఎత్తిందే” అన్నాను. “ఎత్తేసింది ముండ.”

“ఇప్పుడేం చేస్తోంది? కింద కూర్చుందేంటి?”

“బూట్లు విప్పుతోంది. ఇక ఎత్తనన్నట్టు విప్పి అక్కడే వదిలేసింది. వట్టికాళ్ళతో వెళ్ళిపోతోంది.”

ఆవిడ గోడ మీద ఆ బూట్లున్న చోట అరచెయ్యి పెట్టి అలాగే ఉంది.

గంట తర్వాత ఫోను మోగింది. వాళ్ళమ్మ ఫోనే. నేను తీశాను.

“అమ్మా! చూశావా?”

“నేనే.”

“నాన్నా? అమ్మ బాగానే ఉందా?”

“బాగానే ఉంది. చూసింది. నేనూ చూశాను. ఆఖరిదొక్కటే. మొదట్లోవన్నీ పోయాయి. నా వల్లే పోయాయి.”

“టీవీ పాడైందని అమ్మ చెప్పిందిలే.”

“పాడవలేదు. నేనే పగలగొట్టాను. నువ్వు ఆ రోజు అన్న మాటకి.”

“ఏ మాట?”

“షో ఉండేదని.”

“నిజమే కదా నాన్నా.”

“నిజమే. అందుకే పగలగొట్టాను.”

అటునుంచి శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. శభాష్ అందామనుకున్నాను. “భుజానికి ఏమన్నా రాసుకో” అన్నాను. “సరే” అంది. తర్వాత ఫోను వాళ్ళమ్మ లాక్కుంది.

వాళ్ళింకా మాట్లాడుకుంటున్నారు. నేను ప్రొజెక్టర్ కింద నుంచి ఈ రిజిస్టరు లాగి రాస్తున్నాను. అట్ట మీద దాని కాళ్ళ గుర్తులు పడ్డాయి.

తేదీ: ఆదివారం.
ఆట: మ్యాట్నీ.
బొమ్మ: మా అమ్మాయి.
అంతరాయం: ఉంది. తెర మీద నీడ. తొలగించలేదు.